నామ్చే దాకా నాలుగు రోజులు

నేను ఎవరెస్టు ఎక్కి వచ్చిన్నని మా పేటల ఒకరి నోటి నుంచి ఒకరికి పాకింది. అది నిజం కాదు. ఎవరెస్టు ఎక్కుడు వేరు, దాని అడుగున ఉన్న బేస్ క్యాంపు దిక్కు నడిచిపోవుడు వేరు. ఎక్కాల్నంటే తాళ్ళు, ఆక్సిజన్ సిలిండర్లు, గట్టి తర్ఫీదు కావాలె. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఆ శిఖరం మీద నిలబడ్డది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు ఇంకా నిండలేదు. ఖమ్మం జిల్లా పిల్లగాడు ఆనంద్ కుమార్ కూడ ఆమెతోనే ఎక్కిండు. వాళ్ళు టిబెట్ దిక్కు నుంచి పోయిన్రు. నేను పోయింది నేపాల్ దిక్కు, అదీ నడిచే తొవ్వన.

ఆ నడకల మొదటి నాలుగు రోజుల ముచ్చట మాత్రమే ఇక్కడ రాస్తున్న. మనిషి పైదాకా పోతడా, నడుమల నుంచి వాపస్ వస్తడా అన్నది చాలామందికి ఆ నాలుగు రోజుల్లనే తేలుతది. ఇంకోటి, గిర్నీల పనిచేసినోళ్ళకు అక్కడ ఒక సంగతి అందరికంటె జల్ది అర్థమయితది. అది వరుసల చెప్త.

మా మేనల్లుడు పుణెల ఉద్యోగం చేస్తడు. వాళ్ళు నలుగురు దోస్తులు పోదామనుకున్నరు, ఒకాయన తప్పుకున్నడు. "మామా, నువ్వు వస్తవా?" అన్నడు. ఖర్చు వానిది, కాళ్ళు నావి. అయితే కార్డింగ్ ఖాతాల 19 ఏండ్లు పత్తి దుమ్ము మింగిన ఛాతి నాది. అందుకని ముందు దవాఖానకు పోయిన. ఛాతి ఫొటో తీసిన్రు, గొట్టంల గట్టిగ ఊదిపిచ్చిన్రు, గుండె పరీక్ష చేసిన్రు. డాక్టరు పోవచ్చన్నడు, కాని రెండు షరతులు పెట్టిండు: మెల్లగ నడవాలె, గైడు దిగు అంటె మారు మాట్లాడకుండ దిగాలె. రెండు నెలలు రోజూ పొద్దుగాల సిద్ధేశ్వర్ చెరువు చుట్టు తిరిగిన. ఐదు కిలోల జొన్నల సంచి వీపుకు కట్టుకొని నాలుగంతస్తుల మెట్లు ఎక్కి దిగిన. ఇంటిది చూసి నవ్వింది, కాని జొన్నలు తూచి ఇచ్చింది ఆమెనే.

రైల్ల గోరఖ్‌పూర్ దాకా, అక్కడి నుంచి సునౌలి సరిహద్దు దాటి బస్సుల కాఠ్మాండూ పోయినం. మనకు నేపాల్ పోను వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని అసలుది దగ్గర ఉంచుకోవాలె. మన వంద రూపాయలకు వాళ్ళవి 160 వస్తయి. హిందీ దాదాపు అందరికి తెలుసు.

మొదటి రోజు అర్ధరాత్రే మొదలయింది. సీజన్‌ల కాఠ్మాండూ విమానాశ్రయం రద్దీగ ఉంటదని లుక్లాకు పోయే చిన్న విమానాలను రామేఛాప్ జిల్లా మంథలి నుంచి నడుపుతరు. మంథలి అంటె నాకు మన మంథని అని వినపడి ఒక్క క్షణం ఆగిన. నాలుగైదు గంటలు మలుపుల రోడ్డు మీద జీపుల పోతే తెల్లారేసరికి మంథలి. అది మన సోలాపూర్ అంత ఎత్తులనే ఉంటది, 460, 470 మీటర్లు. ఒక్కొక్కరికి 15 కిలోల సామానే, తూకం వేసి మరీ ఎక్కిస్తరు. నా సంచిల సోలాపూర్ చద్దర్ చూసి మేనల్లుడు తల పట్టుకున్నడు. "అక్కడ లాడ్జీల రజాయిలు ఇస్తరు మామా, ఈ బరువెందుకు?" అన్నడు. శేంగా చట్నీ డబ్బా మాత్రం ఎవరూ తీసెయ్యమనలేదు.

విమానంల పదిహేను మందిమి. ఇరవై నిమిషాల్ల లుక్లా వచ్చింది. ఆ రన్‌వే పొడుగు 527 మీటర్లే. ఒక కొసకు గుట్ట గోడ, ఇంకో కొసకు లోయ. ఎగువకు వాలి ఉంటది గనుక దిగిన విమానం ఆ ఎక్కుడు మీదనే ఆగుతది. పోయేటప్పుడు దిగుడు మీద ఉరికి లోయ మీదికి లేస్తది. మధ్యాహ్నానికి గాలి, మబ్బు వస్తయి కాబట్టి విమానాలు పొద్దుటి పూటనే తిరుగుతయి. ఆ విమానాశ్రయానికి 1953ల మొదట ఎవరెస్టు ఎక్కిన టెన్సింగ్, హిల్లరీల పేరు పెట్టిన్రు. దిగంగనే నాకు అర్థమయిందేందంటె, ఒక్క పొద్దుల 470 మీటర్ల నుంచి 2,845 మీటర్లకు లేచినం. కాళ్ళు పనిచేయకముందే ఒళ్ళు పైకి వచ్చింది.

లుక్లా దాటినంక చక్రం అన్నది కనపడదు. ఊరి చివర ఒక కమాను ఉన్నది. అది పసాంగ్ ల్హాము షెర్పా అనే ఆమె పేరున కట్టింది. 1993ల ఎవరెస్టు ఎక్కిన మొదటి నేపాలీ ఆడమనిషి ఆమె, దిగేటప్పుడు ప్రాణం పోయింది. ఆ కమాను కింద నుంచే అందరు నడక మొదలుపెడతరు. అక్కడి నుంచి ఉప్పు, బియ్యం, గ్యాస్ సిలిండరు, తలుపు చెక్క, ఏదైనా కంచరగాడిదల మీద పోవాలె, జోప్క్యో అనే జడల బర్రె లాంటి పశువు మీద పోవాలె, లేకుంటే మనిషి వీపు మీద పోవాలె. గైడు మాకు మొట్టమొదట నేర్పింది ఇదే: పశువుల మంద ఎదురొస్తే గుట్ట దిక్కు జరగాలె, లోయ దిక్కు నిలబడొద్దు. మూటలు తగిలి మనిషి కిందికి పోతడు. రెండోది, రాళ్ళ మీద మంత్రాలు చెక్కిన గోడలు వస్తే వాటిని కుడి చేతి దిక్కు ఉంచుకొని నడవాలె. మనం గుళ్ళె ప్రదక్షిణం చేసినట్టే.

మూడోది, "బిస్తారై, బిస్తారై". మెల్లగ, మెల్లగ అని. నన్ను ఆయన "బా" అని పిలిచేటోడు, అంటె నాయిన అని. మా మేనల్లుని దోస్తులు ముందుకు ఉరుకుతుంటే ఆయన ఏమీ అనకుండ నా వెనుకే నడిచిండు. గంటకోసారి అందరం ఒక్కదగ్గర కలిసినం, ఎందుకంటె ఉరికినోళ్ళు కూసోని ఆయాసపడుతుండిరి. నాకు గిర్ని అలవాటు తిప్పలు పెట్టింది. అక్కడ యంత్రం ఉరికితే మనిషి ఉరకాలె, చేసినంత పనికి పగారు. ఇక్కడ ఊపిరి ఎంత ఉరికితే కాలు అంతనే ఉరకాలె. మాట్లాడుకుంట నడవగలిగితే అది సరైన నడక. మాట ఆగిందంటె నడక ఎక్కువైనట్టు.

ఆ రోజు ఫాక్డింగ్‌ల పడుకున్నం. అది 2,610 మీటర్లు, లుక్లా కంటె కిందికే. తొవ్వ పొడుగునా దూధ్ కోసీ నది పక్కనే ఉంటది. మంచు నీళ్ళు, పాల రంగు, అందుకే ఆ పేరు.

తొవ్వల నా కండ్లు మంచుకొండల మీద కంటె మోసేటోళ్ళ మీదనే ఎక్కువ ఉన్నయి. వెదురు బుట్టను డోకో అంటరు. దాని బరువంత నామ్లో అనే పట్టీ మీద, ఆ పట్టీ నొసటి మీద. చేతిల తోక్మా అనే పొట్టి కట్టె, పైన అడ్డంగ పిడి. అలిసినప్పుడు బుట్ట కింద ఆ కట్టె ఆనిచ్చి నిలబడే దమ్ము తీసుకుంటరు. బుట్ట కింద పెడితే మళ్ళీ లేపుడు కష్టం. దుకాణాల సరుకు మోసేటోళ్ళకు కిలోల లెక్కన కూలి. తమ ఒంటి బరువంత మోసేటోళ్ళు కూడ ఉంటరు. ప్లైవుడ్ పలకలు అడ్డంగ కట్టుకొని పక్కవాటుగ నడిచేటాయనను చూసిన. మన సాంచాల మీద ఎన్ని చద్దర్లు తీస్తే అంత కూలి అన్న లెక్కనే అది. అందుకే అక్కడ చాయ్ ధర, వేడినీళ్ళ ధర ఎత్తు పెరిగిన కొద్ది పెరుగుతయి. ఆ పెరిగిన రూపాయిల ఎవరి నొసలు ఉన్నదో తెలిస్తే బేరం చేయ బుద్ధి కాదు.

మా నలుగురి సంచులు ఇద్దరు పోర్టర్లు మోసిన్రు. అందరు షెర్పాలే అనుకుంటం మనం. షెర్పా అంటె పని పేరు కాదు, ఆ ఎత్తుల ఉండే ఒక జాతి పేరు. మోసేటోళ్ళల చాలామంది కింది జిల్లాల రాయ్‌లు, తమాంగ్‌లు. వాళ్ళు కూడ మనలాగనే కింది నుంచి పైకి వచ్చినోళ్ళు. మా ఇద్దరిల చిన్నోనికి 19 ఏండ్లు. ఖోటాంగ్ జిల్లాల తల్లి, ఇద్దరు చెల్లెండ్లు. ఆ సీజన్‌ల అదే వాని మొదటి ఖేపు.

రెండో రోజు పెద్ద ఎక్కుడు. మోంజో దగ్గర సాగర్‌మాతా నేషనల్ పార్కు గేటు. నేపాలీలు ఎవరెస్టును సాగర్‌మాతా అంటరు. అక్కడ టికెటు తీసుకోవాలె, మన దేశపోళ్ళకు వేరే విదేశీయుల కంటె తక్కువ. జోర్సాలే దాటినంక నది మీద చాలా ఎత్తుల ఇనుప తాళ్ళ వంతెన, హిల్లరీ వంతెన అంటరు. రంగు గుడ్డల తోరణాలు గాలికి కొట్టుకుంటయి. వంతెన ఊగుతది. పశువులు ఎదురుగ వస్తుంటే ఆగి, అవి దాటినంకనే పోవాలె. ఆ వంతెన అవతల నుంచి నామ్చే దాకా అంత ఎక్కుడే, ఆరు వందల మీటర్లు. నడుమల చెట్ల సందుల నుంచి ఎవరెస్టు కొస కనపడ్డది. నేను అనుకున్నంత పెద్దగ లేదు, ముందరి కొండల వెనుక నుంచి తొంగి చూస్తున్నట్టు ఉన్నది. 8,848.86 మీటర్ల శిఖరం అట్ల చిన్నగ కనపడితే అది ఇంకెంత దూరం ఉన్నదో అప్పుడు తెలిసింది.

నామ్చే బజార్ 3,440 మీటర్లు. గుర్రపు లాడం లెక్క వంపు తిరిగిన గుట్ట ఒడిల మెట్లు మెట్లుగ ఇండ్లు. బ్యాంకు ఉన్నది, రొట్టెల బేకరీ ఉన్నది. ఇక్కడనే గైడు అసలు పాఠం చెప్పిండు. గాలిల ఆక్సిజన్ పాలు కింద ఎంతనో పైన అంతనే, కాని గాలి పలుచబడుతది. నామ్చేల ఒక్క ఊపిరికి సముద్రం ఒడ్డున దొరికేదాంట్ల దాదాపు మూడింట రెండు వంతులే దొరుకుతది. ఒంటికి అలవాటు కావాల్నంటె టైం కావాలె. 3,000 మీటర్లు దాటినంక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటె ఎక్కువ పెంచొద్దు. ఫాక్డింగ్ నుంచి నామ్చేకు ఒక్కనాడే 830 మీటర్లు ఎక్కినం. అందుకే ఇక్కడ తప్పకుండ ఆగాలె. నా వయసు చూసి ఆయన మూడు రాత్రులు పెట్టిండు.

రాత్రి అన్నం తిన్నంక ఒక్కొక్కరిని అడిగిండు: తల నొస్తున్నదా, కడుపుల తిప్పుతున్నదా, బువ్వ పోతున్నదా, నిద్ర పట్టిందా. వేలికి చిన్న మిషన్ పెట్టి చూసిండు. ఇంటి దగ్గర 97 చూపించేది నాకు అక్కడ 88 చూపింది. ఆ ఎత్తుల అది మామూలే అన్నడు. తల కొంచెం బరువుగ ఉన్నదని చెప్పిన, నీళ్ళు తాగి పడుకోమన్నడు, తెల్లారేసరికి తగ్గింది. "తలనొప్పి వచ్చుడు తప్పు కాదు బా, దాచుడే తప్పు. దాచి పైకి పోతే మెదడుకు నీరు పడుతది, ఊపిరితిత్తులకు నీరు పడుతది. తూలుకుంట నడిచినా, ఊరికె కూసున్నా ఆయాసం వచ్చినా ఇంక మందుల కోసం ఆగేది లేదు, వెంటనే దిగుడే" అన్నడు. మందు, నిద్ర గోళీ రెండూ వద్దన్నడు. ఎత్తు కోసం వేసుకునే డయామాక్స్ గోళీ డాక్టరును అడగకుండ వేసుకోవద్దన్నడు.

మూడో రోజు పొద్దుగాల నేను లేచి బయటికి వచ్చేసరికి ఆ చిన్న పోర్టరు పిల్లడు అరుగు మీద కూసోని ఉన్నడు. పళ్ళెంల దాల్ భాత్ అట్లనే ఉన్నది. పోర్టర్లకు దాల్ భాత్ అంటె మనకు జొన్నరొట్టె లెక్క. రెండోసారి, మూడోసారి పెట్టించుకొని తింటరు. అట్లాంటిది మొదటిదే ముట్టలేదు. కణతలు వేళ్ళతో నొక్కుకుంటున్నడు. ఏమైంది బాబూ అని అడిగిన. "ఠీక్ ఛ, బా, ఠీక్ ఛ" అన్నడు.

ఆ "ఠీక్" నాకు తెలుసు. పత్తి దుమ్ము ఖాతాలల్ల సోమవారం జబ్బు అని ఒకటి ఉండేది. ఆదివారం సుట్టీ అయి సోమవారం పాళీకి పోతే ఛాతి బిగుసుకుపోయేది, దమ్ము ఆడకపోయేది. డాక్టర్ల పుస్తకాలల్ల కూడ దానికి పేరున్నది, బిస్సినోసిస్ అంటరు. జాబర్ అడిగితే ఎవ్వరూ ఉన్నదనకపోదురు. ఉన్నదంటే ఖాతా మారుస్తరు, ఖాతా మారితే పగారు తగ్గుతది, బదిలీ వాళ్ళు గేటు బయట నిలబడే ఉన్నరు. అట్ల ఠీక్ ఠీక్ అనుకుంటనే మా పాళీల ఎందరో దగ్గుకుంట ఇండ్లకు పోయిన్రు. కొందరికి ముసలితనం కూడ రాలేదు.

నేను పోయి గైడుకు చెప్పిన. పిల్లడు నా దిక్కు చూసిన చూపు ఇంకా యాదికున్నది, కోపంగ చూసిండు. నా కడుపు ఎందుకు కొడుతున్నవ్ అన్నట్టు ఉన్నది. గైడు వేలికి మిషన్ పెడితే 71 చూపింది. రాత్రి నుంచి తలనొప్పి ఉన్నదని అప్పుడు ఒప్పుకున్నడు. గైడు వాన్ని పనిల నుంచి తీసి పడుకోబెట్టిండు, లాడ్జి ఆమెకు అప్పజెప్పిండు. పోర్టర్లు భోజనాల గదిల బల్లల మీద పడుకుంటరు, పలుచటి దుప్పటి. నా చద్దర్ తీసి కప్పిన. ఆ బరువు దేనికని అడిగిన మేనల్లుడే దాన్ని రెండు మడతలు వేసిండు.

మేము అలవాటు కోసం పైకి పోయినం. పగలు ఎత్తుకు పోవుడు, రాత్రి కిందికి వచ్చి పడుకొనుడు, ఒంటికి అదే మంచి మందట. 3,880 మీటర్ల ఎత్తుల ఎవరెస్ట్ వ్యూ హోటల్ ఉన్నది. అక్కడి నుంచి ఎవరెస్టు, దాని పక్కన ల్హోత్సే, ఈ దిక్కు అమా దబ్లాం, మూడూ ఒక్క చూపుల కనపడ్డయి. అమా దబ్లాం అంటె తల్లి మెడల వేసుకునే బిళ్ళ అని అర్థమట. రెండు దిక్కుల దిగిన గట్లు తల్లి చేతులు చాపినట్టు, నడుమ మంచుగడ్డ బిళ్ళ లెక్క. చాయ్ తాగినం. నాకు మనసు కింద పిల్లడి దగ్గరనే ఉన్నది.

దిగేసరికి వాడు రెండుసార్లు కక్కుకున్నడు. గైడు ఇంక ఆలోచించలేదు, మోంజోకు దింపాలన్నడు. ఒక్కన్ని పంపొద్దని, రెండో పోర్టరును తోడు పంపిండు. అప్పుడు లేచింది పగారు ముచ్చట. ఏజెన్సీ లెక్క ప్రకారం ఎన్ని రోజులు మోస్తే అన్ని రోజులదే. మా మేనల్లుని దోస్తుల ఒకాయన, చెడ్డోడు కాదు, లెక్క మనిషి, "ఒప్పుకున్నది అదే గద, కొత్త పోర్టరుకు కూడ మనమే ఇయ్యాలె" అన్నడు. నేను ఒక్క మాటనే అన్న: "వానికి మిగిలిన రోజుల కూలి పోతదని తెలిస్తే, వచ్చే ఖేపుల తలనొప్పిని ఇంకా బాగ దాస్తడు. అప్పుడు మనం ఉండం." కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. మా మేనల్లుడు ముందు తీసిండు, తర్వాత ఆయన కూడ తీసిండు. నలుగురం పంచుకుంటే ఒక్కొక్కరికి పడ్డది పెద్ద మొత్తమేం కాదు. మిగిలిన రోజుల కూలి గైడు చేతుల పెట్టి, వాని చేతికి ఇప్పించినం. వాడు నవ్వలేదు, దండం పెట్టలేదు. లెక్క చూసుకొని లోపలి జేబుల పెట్టుకున్నడు. అదే సరైంది, అది దానం కాదు గద.

నాలుగో రోజు శనివారం. నామ్చేల సంత. కింది ఊర్ల నుంచి కూరగాయలు, బియ్యం, గుడ్లు మోసుకొచ్చి అమ్ముతరు. మెల్లగ అంత తిరిగిన. తల తేలికైంది, రాత్రి నిద్ర పట్టింది, వేలు మిషన్ 90 చూపింది. మాపటికి రెండో పోర్టరు వాపస్ వచ్చిండు. మోంజో చేరిన రెండు గంటలకే పిల్లడు లేచి కూసున్నడట, పొద్దుగాల రెండు పళ్ళేల దాల్ భాత్ తిన్నడట. కిందికి దిగుడు కంటె పెద్ద మందు లేదని గైడు చెప్పింది కండ్లతో చూసినట్టయింది. నా చద్దర్ కప్పుకొనే లుక్లా దిక్కు పోయిండట. అది వాపస్ రాలేదు, నేను అడగలేదు.

మన పేటల నుంచి ఎవరన్న పోదల్చుకుంటే నాలుగు మాటలు. ముందు ఛాతి, గుండె పరీక్ష చేయించుకోండి. ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి గాని ఒక రోజు తగ్గియ్యకండి. ఏజెన్సీకి పైసలు కట్టేముందు పోర్టర్లకు బీమా ఉన్నదా, ఎవరన్న జబ్బు పడితే వాళ్ళ కూలి ఎట్ల అని నోరు తెరిచి అడగండి. రోజూ రాత్రి గైడు మిమ్మల్ని అడిగే ప్రశ్నలు మీ సంచి మోసేటోన్ని కూడ అడగమనండి. మనం బతుకంత పాళీల పనిచేసినోళ్ళం, ఇంకొకరి ఠీక్ అన్న మాట వెనుక ఏమున్నదో మనకు తెలుసు.

ఐదో రోజు పొద్దుగాల కొత్త పోర్టరుతో తెంగ్బోచే దిక్కు బయలుదేరినం. ఆ పై తొవ్వ ముచ్చట వచ్చే నెల రాస్త.